ఉప్పు మానేస్తే లిథియం ఎందుకు పెరుగుతుంది?

ఒక పాఠకురాలు అడిగారు: "మా తమ్ముడు బైపోలార్‌కి లిథియం వాడుతున్నాడు. ఈమధ్య బీపీ కాస్త ఎక్కువుందని ఉప్పు దాదాపు మానేశాడు. సైకియాట్రిస్టు గారు అది విని కోప్పడి, వెంటనే లిథియం పరీక్ష చేయించమన్నారు. మూడ్ మాత్రకీ, తినే ఉప్పుకీ ఏమిటండీ సంబంధం?"

ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది. లిథియం వాడేవాళ్లు పదేపదే చేయించుకునే రక్తపరీక్షల గొడవంతా చాలావరకు ఆ సంబంధం చుట్టూనే తిరుగుతుంది. బైపోలార్ అంటే ఏమిటో, లిథియం మెదడులో ఏం చేస్తుందో ఇప్పుడు చెప్పబోవడం లేదు. అసలు కథ కిడ్నీలో ఉంది.

మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. అదంతా బయటికి పోతే మనిషి బతకడు. కాబట్టి ఆ ద్రవం సన్నటి గొట్టాల్లో ప్రవహిస్తుండగా పనికొచ్చేవన్నీ వాటి గోడల గుండా మళ్లీ రక్తంలోకి చేరతాయి. ఉప్పులో ఉండే సోడియం అయితే 99 శాతానికి పైగా వెనక్కి వస్తుంది. ఆ గోడలో ఒక గేటు, గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నాడనుకోండి. సోడియాన్ని లోపలికి పంపడం అతని డ్యూటీ. ఆవర్తన పట్టికలో లిథియం సరిగ్గా సోడియం పై గడిలో ఉంటుంది. రెండింటికీ ఒకటే ధనావేశం. వాచ్‌మన్ ముఖం చూడడు, యూనిఫాం చూసి పంపేస్తాడు. అలా వడపోతకి వచ్చిన లిథియంలో సుమారు 80 శాతం తిరిగి రక్తంలోకి వచ్చేస్తుంది, మిగతా 20 శాతమే మూత్రంలో పోతుంది. లిథియం మూలకం కాబట్టి కాలేయం దాన్ని ముక్కలు చేయలేదు. బయటికి పోవడానికి దాదాపుగా ఇదొక్కటే దారి.

ఇప్పుడు ఉప్పు తగ్గిందనుకోండి. ఒంట్లో సోడియం చాలడం లేదని హార్మోన్ల ద్వారా కబురు వెళ్తుంది, "ఎవరొచ్చినా వదలకు, అందర్నీ లోపలికి లాగు" అని. వాచ్‌మన్ మరింత శ్రద్ధగా పనిచేస్తాడు. ఆ ఊపులో లిథియాన్నీ లాగేస్తాడు. వేసుకునే మాత్ర మారలేదు, రక్తంలో మోతాదు మాత్రం పెరిగిపోయింది. వాంతులు, విరేచనాలు, విపరీతమైన చెమట, నీళ్లు తాగకపోవడం, ఏది జరిగినా ఇదే కథ. మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ బీపీ మాత్రలు గొట్టంలో ఇంకాస్త దూరాన ఉన్న మరో గేటు దగ్గర సోడియాన్ని బయటికి పంపేస్తే, ఆ లోటు పూడ్చడానికి మొదటి గేటు వాచ్‌మన్ రెచ్చిపోతాడు. లిథియం 25 నుంచి 40 శాతం దాకా పెరగొచ్చు. ఎనలాప్రిల్, లోసార్టాన్ లాంటి బీపీ మాత్రలతోనూ, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలతోనూ పెరగొచ్చు. పారాసిటమాల్‌తో ఈ పేచీ లేదు. కాబట్టి మీ తమ్ముడికి రేపు బీపీ మాత్ర రాసే డాక్టరుకి లిథియం సంగతి ముందే చెప్పాలి. ఉన్నట్టుండి ఉప్పు బాగా పెంచినా చిక్కే. అప్పుడు లిథియం పడిపోయి జబ్బు తిరగబెట్టొచ్చు. ఉప్పు రోజూ ఒకే తీరులో తినాలి, అంతే.

ఈ పాఠం ప్రాణాలు పోయాక నేర్చుకున్నది. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ లిథియంతో ఉన్మాదం (బైపోలార్‌లో వచ్చే మేనియా) తగ్గుతోందని ప్రకటించాడు. అదే ఏడాది అమెరికాలో ఉప్పు తినకూడని గుండె రోగులకి ఉప్పు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ వల్ల కొందరు చనిపోయారు. చూడండి ఎంత ఘోరమో: సోడియం ఆపేసి వాచ్‌మన్‌ని ఆకలితో ఉంచి, అతని ముందు లిథియం కుమ్మరించారు! ఆ భయంతో అమెరికాలో మందుగా దానికి అనుమతి వచ్చేసరికి 1970 అయింది. "సహజమైనది కదా, ఏం చేస్తుందిలే" అనేవాళ్లకి నేను లిథియాన్నే చూపిస్తాను. మహావిస్ఫోటంలో పుట్టిన మూలకాల్లో అదొకటి. అంతకంటే సహజమైనది ఏముంటుంది?

లిథియాన్ని మళ్లీ నమ్మకంగా వాడేలా చేసింది కొలత. లిథియం లవణాన్ని మంటలో పెడితే ఎర్రగా వెలుగుతుంది. ఆ ఎరుపు తీవ్రతని కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్‌తో రక్తంలో లిథియం ఎంతుందో చెప్పగలిగారు. జ్వాలా పరీక్ష రంగులు బట్టీ పట్టించే పాఠంలో ఈ ఒక్క ముక్క చేర్చినా పిల్లలకి జన్మలో మర్చిపోని పాఠం అయ్యేది.

మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషలక్షణాల భయం. మందుకీ విషానికీ మధ్య ఇంత సన్నని సందు ఉంది కాబట్టే, మందు మొదలుపెట్టాక, మోతాదు మార్చాక వారం రోజులకి, నిలకడ వచ్చాక మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తారు. రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి ఇవ్వాలి. పొద్దున్నే మాత్ర వేసుకుని ల్యాబ్‌కి వెళ్తే అంకె లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది. ఇంకో తమాషా: రక్తం గడ్డకట్టకుండా ల్యాబ్‌లో వాడే కొన్ని ట్యూబుల్లో ఉండేది లిథియం హెపారిన్. అందులో తీస్తే ట్యూబులోని లిథియం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది! మనిషి కులాసాగా ఉండి, రిపోర్టు మాత్రం 2 దాటితే మొదట ఏ ట్యూబులో తీశారో అడగాలి.

ఇక లిథియంతో వచ్చే దాహం, మాటిమాటికీ మూత్రం. గొట్టం చివర ఇంకో గేటుంది. అక్కడి కాపలా కూడా మోసపోయి లిథియాన్ని కణంలోకి రానిస్తుంది. కానీ కణం వెనక గేటులో సోడియాన్ని బయటికి తోసే పంపు ఉంది చూశారూ, అది మాత్రం మోసపోదు. లిథియాన్ని పెద్దగా పట్టించుకోదు. దాంతో లిథియం లోపలే ఇరుక్కుని పోగవుతుంది. నీటిని వెనక్కి లాగే ఆక్వాపోరిన్-2 ద్వారాలు తగ్గిపోతాయి. నీరంతా మూత్రంలో పోతుంది. తాగే నీళ్లు తగ్గించుకోవడం దీనికి మందు కాదు, ఒళ్లు ఎండిపోయి మొదటి వాచ్‌మన్ మళ్లీ రెచ్చిపోతాడు. మొదటి గేటు జోలికి పోకుండా ఈ చివరి గేటుని మూసే అమిలోరైడ్‌ని కొందరికి డాక్టర్లు రాస్తారు.

ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి కిడ్నీ పనితనం తగ్గొచ్చు, థైరాయిడ్ మందగించొచ్చు, కాల్షియం పెరగొచ్చు. అందుకే ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీకి), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), కాల్షియం పరీక్షలు. థైరాయిడ్ తగ్గితే వచ్చే నీరసాన్ని డిప్రెషన్ అనుకునే ప్రమాదం కూడా ఉంది. మిగతా మూడ్ స్టెబిలైజర్ల (మూడ్‌ని నిలకడగా ఉంచే మందుల) గొడవలు వేరు. వాల్‌ప్రోయేట్‌కి లివర్, ప్లేట్‌లెట్లు, బరువు చూస్తారు, గర్భంలో అది బిడ్డకి చాలా ప్రమాదం. కార్బమజెపీన్‌తో సోడియం పడిపోవచ్చు. లామోట్రిజిన్‌తో ఒంటి మీద దద్దుర్లు వస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

ఇవన్నీ చదివి భయపడి మాత్ర మానేస్తే అసలుకే మోసం. హఠాత్తుగా ఆపితే ఉన్మాదం విరుచుకుపడొచ్చు. వేళ్లు సన్నగా వణకడం సరైన మోతాదులోనూ మామూలే. గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు ఊగడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం, మగత, అయోమయం మాత్రం వేరు. అవి కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, అంకె ఎంతున్నా సరే. లిథియం మెదడులోకి మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. చాన్నాళ్లుగా వాడుతున్న మనిషికి రక్తంలో అంకె ఓ మోస్తరుగా ఉన్నా మెదడులో చాలా చేరి ఉండొచ్చు. ముదిరితే డయాలిసిస్ చేస్తారు. లిథియం ఏ ప్రోటీన్‌కీ అంటుకోదు గనక రక్తంలోంచి చకచకా పోతుంది. కొన్ని గంటలయ్యాక మళ్లీ పరీక్ష చేయక తప్పదు. కణాల్లో దాగినది అప్పటికి రక్తంలోకి దిగి అంకె మళ్లీ లేస్తుంది, ఒక్కోసారి రెండో విడత డయాలిసిస్ అవసరమవుతుంది.