నాఫ్సా అంటే వీసా ఆఫీసు కాదండి: అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడ్వైజర్‌ని, పిల్లల ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టే డీఎస్ఓల్లో (ఆ అధికారం ఉన్న ఉద్యోగుల్లో) ఒకదాన్ని. నాఫ్సా మెంబర్‌ని కూడా. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు "నాఫ్సాలో ఉన్నావంట కదమ్మా, మా వాడి వీసా సంగతి కాస్త చూడు" అంటారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: నాఫ్సా గవర్నమెంటుది, వీసా వాళ్ళ చేతిలో ఉంటుంది.

వాస్తవం: అది మాలాంటి ఉద్యోగుల సంఘం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బయటి దేశాల పిల్లలు ఇక్కడి కాలేజీలకి రావడం పెరిగితే వాళ్ళని చూసుకునే అడ్వైజర్లంతా కలిసి 1948లో పెట్టుకున్నారు. 1990లో పూర్తి పేరు మార్చారు గానీ నాఫ్సా అన్న పిలుపు అలాగే ఉంచేశారు. వీసా ఇచ్చేది కాన్సులేట్, ఐ-20 ఇచ్చేది యూనివర్సిటీ, సెవిస్ (స్టూడెంట్ల రికార్డులుండే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ) నడిపేది హోంల్యాండ్ సెక్యూరిటీ. నాఫ్సా మాకు ట్రైనింగ్ ఇస్తుంది, రూల్ మారితే దాని అర్థమేంటో చెప్తుంది, స్టూడెంట్ల తరఫున వాషింగ్టన్‌లో మాట్లాడుతుంది. వాళ్ళ అడ్వైజర్స్ మాన్యువల్ నా కంప్యూటర్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది.

అపోహ: కన్సల్టెన్సీ గోడ మీద నాఫ్సా లోగో ఉంటే నమ్మేయొచ్చు.

వాస్తవం: మెంబర్‌షిప్ అంటే ఫీజు కట్టి చేరడమే, ఎవరి పనినీ పరీక్షించి ఇచ్చే ముద్ర కాదు. ఏజెన్సీలని పరిశీలించి సర్టిఫై చేసేది ఏఐఆర్‌సీ అని వేరే సంస్థ. అసలు అమెరికా ప్రభుత్వానికి చెందిన ఎడ్యుకేషన్‌యూఎస్ఏ సలహా హైదరాబాద్‌లోనే ఫ్రీగా దొరుకుతుంది, ముందు అక్కడికి వెళ్ళండి.

అపోహ: ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఏదీ చెప్పొద్దు, చెప్తే పంపించేస్తారు.

ఇది విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒక అబ్బాయి నవంబర్‌లో వచ్చాడు, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాడు, ఎంతసేపటికీ మాట రాలేదు. అక్టోబర్‌లో జబ్బు చేసి హాస్పిటల్లో ఉన్నాడంట, క్లాసులు అందుకోలేక ఒక కోర్సు డ్రాప్ చేసేశాడు, దాంతో స్టూడెంట్ వీసా మీద ఉండాలంటే తప్పనిసరైన ఫుల్ టైం చదువు పోయింది. రూమ్మేట్స్ "ఆఫీసుకి మాత్రం చెప్పకురా" అన్నారంట. డిశ్చార్జ్ కాగితాలు ఆ బ్యాగులోనే ఉన్నాయి. డాక్టర్ దగ్గర లెటర్ తెచ్చుకుని డ్రాప్ చేయక ముందు వచ్చుంటే రూల్ ప్రకారమే తక్కువ క్రెడిట్లకి నేను పర్మిషన్ ఇచ్చేదాన్ని, స్టేటస్‌కి ఏమీ అయ్యేది కాదు. చేసేశాక వస్తే ఆ దారి మూసుకుపోతుంది. చివరికి రీఇన్‌స్టేట్‌మెంట్‌కి, అంటే పోయిన స్టేటస్ తిరిగి ఇమ్మని, ఐ-539 అప్లికేషన్ వేశాం, అది తేలేదాకా క్యాంపస్ జాబ్ మానేయాల్సి వచ్చింది. "అక్కా, ఇంట్లో ఏం చెప్పను" అని అడిగాడు ఆ రోజు.

వాస్తవం: మేం సెవిస్‌లో రిపోర్ట్ చేయాల్సినవి చేసి తీరాలి, అది దాచను. కానీ జబ్బయినా, సబ్జెక్టు అర్థంకాకపోయినా, ఫీజుకి డబ్బులు సర్దుబాటు కాకపోయినా, ముందే చెప్తే రూల్స్‌లో ఉన్న వెసులుబాటు వెతికి పెట్టడమే మా ఉద్యోగం. డ్రాప్ బటన్ నొక్కే ముందు మాకు ఒక్క మెయిల్ పెట్టండి చాలు.

అపోహ: ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో జే-1 వీసా మీద వస్తే అందరూ రెండేళ్ళు వెనక్కి వెళ్ళి ఉండాల్సిందే.

వాస్తవం: అందరికీ కాదు. ప్రభుత్వ డబ్బుతో వచ్చినవాళ్ళకి (ఫుల్‌బ్రైట్-నెహ్రూ లాంటివి), ఇక్కడ డాక్టర్ ట్రైనింగ్ చేసేవాళ్ళకి ఉంటుంది. స్కిల్స్ లిస్టు (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో అమెరికా పెట్టుకున్న జాబితా) వల్ల కూడా పడేది, 2024 డిసెంబర్‌లో ఇండియాని ఆ లిస్టులోంచి తీసేశారు. మీ డీఎస్-2019లో (జే-1 వాళ్ళకి ఐ-20 లాంటి పత్రం) ఏం రాసుందో చూపించి అడగండి.

ఇంకో చిన్న విషయం, ఇల్లు మారితే 10 రోజుల్లో అడ్రస్ అప్‌డేట్ చేయాలి. సంక్రాంతికి ఇంటికెళ్ళేవాళ్ళు ఐ-20 మీద ట్రావెల్ సంతకం (తిరిగి అమెరికాకి రావడానికి కావాల్సింది) తేదీ చూసుకోండి, చదువుకునేటప్పుడు ఏడాది, ఓపీటీలో (చదువయ్యాక ఉద్యోగం చేసే అనుమతి) ఉంటే 6 నెలలే పనికొస్తుంది. డిసెంబర్‌లో మా ఆఫీసు ముందు లైన్ పెద్దగా ఉంటుంది, నవంబర్‌లోనే వచ్చేయండి.