పెట్ట అనుకున్నది పుంజైతే: ఉంచాలా, పంపాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ శివారు శామీర్‌పేట్ వైపు షెడ్డులో కోడిపిల్లల్ని పెంచి, కాస్త ఎదిగాక అల్వాల్, సైనిక్‌పురి, కొంపల్లి ఇళ్ళకి ఇవ్వడం నా పని. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ వినే మాట, "అన్నా, మీరిచ్చిన పెట్ట కూస్తుందేంది?" అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా.

అపోహ: అమ్మినోడు కావాలనే పుంజుని అంటగట్టాడు

అలాంటోళ్ళు లేరని కాదు. కానీ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి పెరటి రకాలు (మన రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైనవే) మామూలుగా ఆడా మగా కలిపే అమ్ముతారు. ఒకరోజు పిల్లని పట్టుకుని వెనకభాగం నొక్కి చూసి వేరుచేసే పనోళ్ళు పెద్ద లేయర్ (గుడ్ల కోళ్ళ) హాచరీల్లో ఉంటారు, వాళ్ళకి కూడా అప్పుడప్పుడు తప్పుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మగపిల్ల తల మీది జుట్టు (తురాయి) ఎర్రబడి పెద్దదవుతుంది కానీ అసీల్‌ (పందెం జాతి) కి జుట్టే చిన్నది కాబట్టి అక్కడ ఈ లెక్క సరిగ్గా పనిచేయదు. నేను నమ్మేది ఈకల్ని. మూడు నెలలు దాటాక నడుం మీంచి తోక పక్కలకి జారే ఈకలు వెలుతురులో చూడండి, సన్నగా సూదిలా మొన తేలి మెరుస్తుంటే పుంజు, కొసలు గుండ్రంగా ఉంటే పెట్ట.

ఇక "పెట్ట కూసింది, ఇంటికి అరిష్టం" అనే భయం ఒకటి. కోడికి పనిచేసేది ఎడమ అండాశయం ఒక్కటే, అది పాడైతే ఎప్పుడో ఒకసారి పెట్టకి పుంజు లక్షణాలు వచ్చి కూత పెట్టడం నిజమే, కానీ చాలా అరుదు. నా దగ్గరికి వచ్చే "కూసే పెట్టలు" దాదాపు అన్నీ పుంజులే.

అపోహ: పుంజు లేకపోతే గుడ్లు పెట్టవు

పెడతాయి. మీరు కిరాణా షాపులో కొనే ఫారం గుడ్లన్నీ పుంజు మొహం చూడని పెట్టలవే. పిల్లలు చేయించాలంటేనే పుంజు కావాలి.

అపోహ: పుంజు ఉంటే గుడ్డు పగలగొట్టినప్పుడు లోపల పిల్ల కనిపిస్తుంది

దీని గురించే ఇంట్లో గొడవలయ్యి పుంజుని వదిలించుకున్నవాళ్ళు ఉన్నారు. గుడ్డులో కనిపించే రక్తపు చుక్కకీ పుంజుకీ సంబంధం లేదు, గుడ్డు తయారయ్యేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లితే అది వస్తుంది, పుంజు లేని ఫారాల్లో కూడా వస్తుంది. పచ్చసొన మీద తెల్లటి మచ్చ చూడండి, పుంజు కలిసిన గుడ్డులో అది చుట్టూ వలయంలా ఉంటుంది, కలవనిదాంట్లో ఆకారం లేని చిన్న మరకలా ఉంటుంది, తినడానికి రెండూ ఒకటే. పిల్ల కావాలంటే సుమారు 37.5 డిగ్రీల వేడిలో 21 రోజులు ఉండాలి కదా. కాకపోతే మన మే నెల సంగతి వేరు, వంటింట్లో గట్టు మీద రోజులతరబడి వదిలేస్తే ఆ వేడికే లోపల కాస్త పెరుగుదల మొదలయ్యే అవకాశం ఉంది, కాబట్టి ఏ రోజు గుడ్లు ఆ రోజే తీసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇంకోటి, పుంజుని పంపేశాక కూడా రెండు వారాల వరకు కలిసిన గుడ్లే రావొచ్చు, పెట్ట కడుపులో పుంజు వీర్యం అన్నాళ్ళు నిలవ ఉంటుంది.

అపోహ: తెల్లారి ఒక్కసారి కూసి ఊరుకుంటుంది, పక్కింటోళ్ళు సర్దుకుంటారు

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది, గుడ్లలో కాదు. కూత వెలుగుని చూసి మొదలయ్యేది మాత్రమే కాదు, దాని ఒంట్లోనే గడియారం ఉంది, జపాన్‌లో శాస్త్రవేత్తలు 2013లో చూపించారు, రోజంతా మసక వెలుతురులో ఉంచినా తెల్లారే వేళకి కూత లేచింది. అంటే మీరు గంప మూసినా, దుప్పటి కప్పినా అది మానదు, పైగా ఎండాకాలం గాలాడక చస్తుంది. పగలు కూడా బండి హారన్‌కి, ఇంకో పుంజు కూతకి, ఒక్కోసారి ఏ కారణం లేకుండా కూస్తూనే ఉంటుంది. మన శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్, పుంజు కూత దగ్గర్లో 90 దాటుతుంది, గోడకి గోడ ఆనుకున్న కాలనీలో పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లో, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న మనిషో ఉంటే మీరేం చెప్తారు? మెడకి బెల్ట్ కట్టి కూత తగ్గిస్తామని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొంచెం బిగిస్తే ఊపిరి ఆడదు, వద్దు.

అపోహ: పుంజు ఉంటే పెట్టలకి కాపలా

సగం నిజం. గద్ద కనిపిస్తే ఒకరకంగా, నేల మీద పిల్లి గానీ ముంగిస గానీ వస్తే ఇంకోరకంగా అరుస్తుంది, పెట్టలు దాన్నిబట్టి నక్కుతాయి. వీధికుక్క గుంపు ముందు మాత్రం పుంజు కూడా పెట్టలాంటిదే. కాపాడేది జాలీ, గడియ.

దీంతోపాటే "చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచితే మచ్చికవుతుంది" అంటారు. చాలాసార్లు ఉల్టా అవుతుంది, మనిషంటే భయం పోయి ఎదిగాక మనల్నే పోటీ పుంజు అనుకుని కాళ్ళ మీదకి దూకుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్కసారి అలా దూకినా ఇక ఉంచకండి, కాలి ముల్లు పిల్లల కళ్ళ ఎత్తుకే వస్తుంది.

మరి ఎప్పుడు ఉంచొచ్చు అంటే, పుంజుకి ఎనిమిది పది పెట్టలుండాలి. మూడు పెట్టలకి ఒక పుంజంటే వాటి వీపు చూస్తే తెలుస్తుంది, ముందు ఈకల కొసలు విరుగుతాయి, తర్వాత ఎర్రటి తోలు బయటపడుతుంది, పుంజు ఎక్కినప్పుడల్లా అదే చోట గీరుకుంటుంది. మేత కూడా చూసుకోవాలి, లేయర్ ఫీడ్‌లో కాల్షియం మూడున్నర నాలుగు శాతం, పుంజుకి ఒక శాతం చాలు, ఏళ్ళతరబడి అదే పెడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. అందరికీ గ్రోయర్ (ఎదిగే కోళ్ళ మేత) వేసి పెట్టలకి ఆల్చిప్పల పొడి విడిగా పెట్టండి. ఊరి చివర ఓపెన్ ప్లాటు, పది పెట్టలు, పిల్లలు చేయించాలన్న ఆశ ఉంటే ఉంచుకోండి, చూడ్డానికి కూడా బాగుంటుంది. కాలనీలో, టెర్రస్ మీద నాలుగు పెట్టలైతే గొంతు పూర్తిగా తెరవకముందే పంపేయడం మేలు.

ఎక్కడికి అంటే, తెలిసిన రైతుకి ఇవ్వొచ్చు, కోళ్ళ బజారులో అమ్మొచ్చు, బోనాలప్పుడు పుంజు కోసం కొనేవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు, లేదా మీరే కూర వండుకోండి, అందులో తప్పేం లేదు. సంక్రాంతి ముందు ఎవరైనా వచ్చి కాళ్ళు పట్టి చూసి, రెక్క విప్పి చూసి, మామూలు కంటే ఎక్కువ రేటు చెప్తే అది పందేనికే, 1960 జంతుహింస చట్టం కింద అది నేరం, ఇవ్వకండి. బజారుకి తీసుకెళ్ళాక రేటు నచ్చలేదని పుంజుని తిరిగి తెచ్చి పెట్టల్లో కలపొద్దు, అక్కడ ఏ కోడి పక్కన నిలబడిందో, రానిఖేత్ రోగం అంటించుకుని వస్తే మిగిలిన పెట్టలు కూడా పోతాయి.