దొమ్మ క్రిమికి ఇనుము ఎలా దొరుకుతుంది?

అనంతపురం వైపు జీవాలు మేపేవాళ్లకు దొమ్మ (ఆంత్రాక్స్) అంటే హడల్. నిన్న సాయంత్రం దాకా బాగా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం. కోస్తే గాలి తగిలి క్రిమి స్పోర్లుగా, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపంలోకి, మారుతుంది, అవి నేలలో ఏళ్లకేళ్లు చావవు. అందుకే కళేబరాన్ని ముట్టుకోవద్దని పశువైద్యులు మొత్తుకుంటారు.

ఆ క్రిమి పేరు బాసిల్లస్ ఆంత్రాసిస్. ఒంట్లో పెరగాలంటే దానికి ఇనుము కావాలి. రక్తంలో ఇనుముకేం కొదవ అనుకుంటాం. నిజానికి అదంతా హిమోగ్లోబిన్, ట్రాన్స్‌ఫెరిన్ లాంటి ప్రోటీన్ల చేతిలో ఉంటుంది. విడిగా తిరిగే ఫెర్రిక్ అయాన్లు (విద్యుదావేశమున్న ఇనుము పరమాణువులు), లెక్క కడితే, లీటరు రక్తరసంలో ఒక్కటైనా తేలవు. అందుకని క్రిమి తానే కొన్ని చిన్న అణువులను తయారుచేసి బయటికి వదులుతుంది. వాటినే సిడెరోఫోర్లు అంటారు. ఇవి ఇనుమును ఆరు ఆక్సిజన్లతో చుట్టూ పట్టేసి క్రిమి దగ్గరికి చేరుస్తాయి.

దొమ్మ క్రిమి రెండు రకాలు చేస్తుంది. బాసిలిబాక్టిన్ అనేదాన్ని ఒంట్లోని సిడెరోకాలిన్ అనే రక్షణ ప్రోటీన్ దారిలోనే పట్టేస్తుంది. రెండోది పెట్రోబాక్టిన్. అసలు కథ దీనిదే. నడుమ నిమ్మపులుపులో ఉండే సిట్రిక్ ఆమ్లం, దానికి రెండు పక్కలా స్పెర్మిడిన్ గొలుసులు, ఆ గొలుసుల కొసన ఒక్కో బెంజీన్ వలయం. ఒక్కో వలయం మీద పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్ గుంపులు. రెండు వలయాలవీ కలిపి నాలుగు ఆక్సిజన్లు, సిట్రేట్ ఇచ్చేవి మరో రెండు.

వలయంలోని ఆరు కార్బన్లకు వరుసగా అంకెలు వేస్తే, బాసిలిబాక్టిన్ వలయాల్లో ఆ హైడ్రాక్సిళ్లు 2, 3 స్థానాల్లో ఉంటాయి. పెట్రోబాక్టిన్‌లో 3, 4. ఒక్క గడి జరిగాయంతే. ఎడమకాలి చెప్పులో కుడికాలు పెట్టినట్టు, సిడెరోకాలిన్ గుంటలో అది ఇమడదు. ఇంత చిన్న తేడాను గుర్తుపట్టడం రసాయనవేత్తలకూ తేలిక కాలేదు. సముద్రంలో చమురు తిని బతికే బాక్టీరియాలో 2002లో ఇది దొరికినప్పుడు 2, 3 అనే రాశారు. మరుసటి ఏడాది ప్రయోగశాలలో అణువును కట్టి పోల్చాకే 3, 4 అని తేలింది.

పెట్రోబాక్టిన్ చేయలేని క్రిమి ఎలుకల్లో బాగా బలహీనపడింది. మరి గొర్రెలకు ఏటా వేసే టీకా దీన్నే అడ్డుకుంటుందా? లేదు. అందులో ఉండేది స్టెర్న్ అనే బలహీన రకం దొమ్మ క్రిమే; దానికి లేనిది పైతొడుగు. పెట్రోబాక్టిన్‌ను అది కూడా చేస్తుంది. ఎలుకల ప్రయోగానికి ఆ జన్యువులు తీసేసిందీ స్టెర్న్ రకంలోంచే.