బ్లోయర్ మోత పగటి చట్టానికి ఎందుకు చిక్కదు: బెంగళూరు అపార్ట్‌మెంట్ల గొడవ వెనక కథ

ఫిబ్రవరి వచ్చిందంటే వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో ఆకు రాలే కాలం. కానుగ, రెయిన్ ట్రీ ఆకులు దారుల నిండా పరుచుకుంటాయి. పొద్దున ఏడింటికే తోట సిబ్బంది ఆకులను గాలితో ఊదే యంత్రం, అంటే బ్లోయర్, వీపుకు తగిలించుకుని దిగుతారు. వానలు పడ్డాక గడ్డీ కలుపూ కోసే బ్రష్ కట్టర్ వంతు. నైట్ షిఫ్ట్ ముగించి తెల్లవారుజామున పడుకున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, మన ఊళ్ల నుంచి వచ్చి కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంటున్న పెద్దవాళ్లు అసోసియేషన్ గ్రూపులో మొత్తుకుంటారు. పోలీసులకు చెబితే వచ్చే జవాబు: "పగలే కదా". రూల్స్ ప్రకారం ఆ మాట చాలావరకు నిజం కావడమే అసలు చిక్కు.

గడ్డి కోసే యంత్రానికి ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంట్ తీసుకున్నాడు. అది చేత్తో తోసేది, పెద్దగా చప్పుడు లేనిది. ఈ మోత పెరిగింది 1970ల్లో. హ్యూస్టన్‌లో జార్జ్ బాలాస్ 1971లో, కార్లు కడిగే గిర్రున తిరిగే బ్రష్‌లను చూసి, నైలాన్ తాడుతో కలుపు కోసే మిషన్ తయారుచేశాడు. పంటలకు మందు చల్లే వీపు పంపుల నుంచి బ్లోయర్ పుట్టింది. కాలిఫోర్నియాలో అది అమ్మకానికి వచ్చిన కొద్దికాలానికే కార్మెల్ పట్టణం 1975లో, ఆ తర్వాత బెవర్లీ హిల్స్ దాన్ని నిషేధించాయి. వాషింగ్టన్ డీసీలో 2022 నుంచి పెట్రోల్ బ్లోయర్ వాడకూడదు.

మన దగ్గర ఇది ఇంకో దారిలో వచ్చింది. బెంగళూరు బంగళాల్లో తోటపని అంటే మాలీ, కొడవలి, కొబ్బరి ఈనెల చీపురు. కాఫీ, టీ ఎస్టేట్లలో కూలీల కొరత పెరిగాక బ్రష్ కట్టర్ కలుపు పనికి దిగింది. గేటెడ్ కమ్యూనిటీలు పెరిగి, తోట నిర్వహణ నెలవారీ కాంట్రాక్టుగా మారాక ఆ మిషనే నగరంలోకి వచ్చింది. నలుగురు ఊడ్చే దారిని ఒక్కడు బ్లోయర్‌తో ముగిస్తాడు కాబట్టి కాంట్రాక్టర్‌కు లాభం, అసోసియేషన్‌కు మెయింటెనెన్స్ ఖర్చు తగ్గుతుంది. 2020 లాక్‌డౌన్ తర్వాత ఇంటి నుంచే పని చేసేవాళ్లు ఎక్కువయ్యారు. అంతకుముందు ఖాళీ ఇళ్ల మధ్య మోగిన మోత ఇప్పుడు మీటింగుల మధ్య మోగుతోంది.

ఇక చట్టం. 1981 వాయు కాలుష్య చట్టంలోకి శబ్దాన్ని 1987 సవరణతో చేర్చారు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అన్న పరిమితి 1989 నాటిది. తయారీ దశలోనే పాటించాల్సిన హద్దులూ ఉన్నాయి: ఫ్రిజ్‌కు 46, ఎయిర్ కూలర్‌కు 60, కాంక్రీట్ మిక్సర్లకు, రంపాలకు 75. 1993 చివరికల్లా అమలు కావాల్సిన ఆ జాబితాలో బ్లోయర్ లేదు, బ్రష్ కట్టర్ లేదు. 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 2002లో డీజిల్ జనరేటర్లకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ పరిమితి నోటిఫై చేశారు. జనరేటర్లకు డబ్బాలు తొడిగింది అందుకే. శబ్దం లేకుండా బతకడం జీవించే హక్కులో భాగమని 2005 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. 2010 సవరణ నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాల్లో రాత్రి ఆపింది. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. అంటే ఆరు దాటి ఐదు నిమిషాలకు మొదలైన మోత పగటి మోతే. లౌడ్‌స్పీకర్, హారన్, టపాకాయలు, జనరేటర్ అన్నీ పేరుపేరునా రూల్స్‌లోకి ఎక్కాయి. తోట మిషన్ మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

55 పరిమితి ఉందిగా అంటారా? ఆ అంకె సగటు. మిషన్ దగ్గర, ఒక మీటరులో, 95 ఉందనుకోండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది కాబట్టి 16 మీటర్లలో 71. ఎదురెదురు టవర్ల మధ్య ప్రతిధ్వని వల్ల అంత కూడా తగ్గదు. అదే అరగంట పాటు 70 ఉండి, మిగతా పగలంతా నిశ్శబ్దమైతే, 16 గంటల సగటు సరిగ్గా 55. ఫిర్యాదు చేయాలంటే పరిమితి కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువుండాలి. అంటే ఆ అరగంట మీ కిటికీ దగ్గర 80 ఉండాలి! ఇంకో లోటు శబ్దం కొలిచే మీటర్‌లోనే ఉంది. ఈ పెట్రోల్ మిషన్లలోని టూ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 7,000 సార్లు తిరిగితే సెకనుకు దాదాపు 117 పేలుళ్లు. ఆ బరువైన హోరు తలుపులూ అద్దాలూ వేసినా లోపలికి వస్తుంది. రూల్స్ అడిగే 'ఏ' స్కేలు అనే కొలత పద్ధతి ఆ శ్రుతిలో 16, 17 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అందుకే కొలిస్తే తక్కువ, వింటే తల పగిలిపోతుంది.

మోతలో కొంత నిర్వహణ లోపమే. పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) 50:1 అని కంపెనీ చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కొలవకుండా అంతకు రెట్టింపు పోస్తే సైలెన్సర్ జాలీ మసి పట్టి మూసుకుపోతుంది, శక్తి తగ్గుతుంది, మనిషి ఫుల్ థ్రాటిల్ నొక్కుతాడు. సైలెన్సర్ బోల్టులు వదులైనా, గ్యాస్కెట్ కాలినా ఎగ్జాస్ట్ పక్కనుంచి తన్నుకొస్తుంది. బ్రష్ కట్టర్ గార్డులో నైలాన్ తాడును కత్తిరించే చిన్న బ్లేడు ఉంటుంది. అడ్డమని గార్డు విప్పేస్తే తాడు పొడుగై ఇంజన్ మీద బరువు పడుతుంది, రాళ్లూ ఎగురుతాయి. వాన పడ్డ మర్నాడు తడి ఆకులు బ్లోయర్‌కు కదలవు. ఆ రోజు దాన్ని బయటికి తీయడమే దండగ.

కాబట్టి అసోసియేషన్ వార్షిక సమావేశం (ఏజీఎం)లో "మోత తగ్గించండి" అని తీర్మానిస్తే ఏమీ మారదు. కాంట్రాక్టులో రాయించాల్సినవి వేరు: ఉదయం పది లోపు మిషన్ వద్దు, ఒక బ్లాకుకు వారానికి ఒకే రోజు, ఒక ఆవరణలో ఒకేసారి రెండు బ్లోయర్లు వద్దు (రెండోది 3 డెసిబెల్స్ కలుపుతుంది), బ్లోయర్ ర్యాంపులకూ డ్రైవ్‌వేలకూ మాత్రమే, లాన్ మీద, చెట్ల కింద చీపురే, కొత్తగా కొంటే బ్యాటరీది లేదా ఫోర్ స్ట్రోక్‌ది. బ్యాటరీ బ్లోయర్‌లో ఇంజన్ హోరు పోతుంది గానీ ఫ్యాన్ ఈల ఉంటుంది, అది కొనేముందే వినాలి. నడిపే మనిషికి ఇయర్ మఫ్ తప్పనిసరి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు పని చేయొచ్చు, 94లో గంటే. ఫిర్యాదు చేస్తున్న మనకన్నా ముందు పోయేవి ఆ కూలీ చెవులు.

అసోసియేషన్ కదలకపోతే పోలీసులకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. అందులో తేదీ, మొదలైన టైమూ ఆగిన టైమూ, ఎన్ని మిషన్లు, మీ కిటికీ ఎన్ని మీటర్ల దూరం అన్నవి ఉండాలి. మిషన్ నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆపాక ఒకసారి కొలవమని విడిగా అడగండి. రోజు మొత్తం సగటు మాత్రమే తీస్తే ఆ అరగంట అందులో కలిసిపోతుంది.