'కాకి'లో శబ్దాలెన్ని?

ఒక తల్లి అడిగారు: "మావాడికి ఐదేళ్లు. గుణింతాలు గడగడా అప్పజెప్తాడు. 'పిల్లి'లో మొదట ఏ శబ్దం వస్తుందిరా అంటే 'మ్యావ్' అంటాడు. వినికిడి లోపమా?"

లోపమేమీ లేదండీ. నెల, నాలుగు నెలల పసివాళ్లకే 'బ', 'ప'ల తేడా తెలుస్తుందని 1971లోనే తేలింది. శబ్దం మారగానే వాళ్లు పాలపీకను గబగబా చప్పరించారు. తేడా వినడం వేరు, మాటలోంచి ఆ శబ్దాన్ని విడదీయడం వేరు.

అసలు చిక్కంతా శబ్దంలోనే ఉంది. అద్దం ముందు నిలబడి 'కీ' అనబోయి ఆగండి. ఇప్పుడు 'కూ' అనబోయి ఆగండి. పెదాలు అప్పుడే గుండ్రంగా ముడుచుకున్నాయి కదూ! 'క్' ఇంకా పుట్టనే లేదు, 'ఊ' వచ్చి కూర్చుంది. నాలుక కూడా 'కీ'కి అంగిట్లో కాస్త ముందు తగులుతుంది, 'కూ'కి వెనక. ఒకటే 'క్' అనుకుంటాం గానీ, నోట్లో రెండు.

దీన్ని తవ్వి తీసింది అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాలలో ఆల్విన్ లిబర్‌మన్ బృందం. 1967లో వాళ్లు చూపిన లెక్కంటే నాకు పిచ్చి ఇష్టం. నోటి ఆకారాన్ని బట్టి శబ్దంలో కొన్ని స్థాయిలు బలంగా మోగుతాయి, వాటిని అనునాదాలంటారు. 'డీ' మొదట్లో రెండో అనునాదం సుమారు 2200 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) నుంచి 2600కి ఎగబాకుతుంది. 'డూ'లో 1200 నుంచి 700కి జారుతుంది. ఆ ముక్కను విడిగా వింటే ఏదో ఈల! మాటను రికార్డు చేసిన టేపును ఎక్కడ కోసినా ఒట్టి 'డ్' దొరకదు. పెద్దల కత్తెరకే దొరకనిది పిల్లాడి చెవికి ఎలా దొరుకుతుంది?

లిబర్‌మన్ భార్య ఇసబెల్ 1974లో పిల్లలకు చిన్న కర్ర ఇచ్చి, మాటలో ఎన్ని శబ్దాలుంటే అన్నిసార్లు కొట్టమన్నారు. నాలుగేళ్లవాళ్లలో ఒక్కరూ చేయలేకపోయారు. 'కా', 'కి' లాంటి పలికే అక్షరాలవారీగా కొట్టమంటే మాత్రం దాదాపు సగంమంది కొట్టారు.

మన లిపి సరిగ్గా ఆ సులువైన మెట్టు మీదే నిలబడింది. అందుకే 'కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు' అని వల్లె వేసేది కంటి పాఠమే అవుతుంది. ఆ గుడి 'ఇ' అనీ, కొమ్ము 'ఉ' అనీ చెవికి ఎవరూ చెప్పరు. (గుణింతం వస్తే చదువు వచ్చేసినట్టే అనే నమ్మకం మాత్రం గట్టిది.)

సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ పద్ధతి నాకు నచ్చుతుంది. బొమ్మ కింద ఖాళీ గళ్లు, శబ్దానికొక బిళ్ల. 'కాకి'కి ఎన్ని బిళ్లలు? క్, ఆ, క్, ఇ: నాలుగు. మీరూ రెండే అనుకున్నారు కదా?

మొదలుపెట్టడానికి 'క్' పనికిరాదు, సాగదీయబోతే అచ్చు తగులుకుంటుంది. 'స్', 'మ్' సాగుతాయి. కాబట్టి ఆ 'మ్యావ్'నే పట్టుకోండి. 'మ్‌మ్‌మ్' అని సాగదీయించి, పెదాలు మూసుకున్నాయో తెరుచుకున్నాయో అద్దంలో వాణ్నే చూడమనండి. తర్వాత 'పిల్లి' అనబోయి ఆగమనండి.