లైకులు ఎందుకు చందాలు కావు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బ్యాడ్జి పెట్టుకున్నవాళ్లు, పోస్టు షేర్ చేసినవాళ్లు రేపు తప్పక విరాళమిస్తారు.

వాస్తవం: చిన్న సేవాసంస్థలను నిలువునా ముంచుతున్నది ఈ నమ్మకమే. ఉన్న కాస్త డబ్బూ బ్యాడ్జీలకీ ఫ్లెక్సీలకీ పోస్తారు. లైకులు వేలల్లో వస్తాయి, ఖాతాలో మాత్రం ఏమీ పడదు. తప్పెక్కడ జరిగిందో తెలియక వలంటీర్లు కుమిలిపోతారు.

కెనడాలో నవంబరు 11కి ముందు, అమరులైన సైనికుల గుర్తుగా చొక్కాకి ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుంటారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పువ్వును కొందరికి పైకి కనబడేలా, కొందరికి కవరులో ఇచ్చారు. కాస్త దూరం నడిచాక మాజీ సైనికుల కోసం చందా అడిగితే, కవరు తీసుకున్నవాళ్లే ఎక్కువ ఇచ్చారు. 2014లో అచ్చయిన ఫలితమిది. పదిమందిలో మంచిపేరు వచ్చేశాక ఇంకా ఇవ్వాలన్న ఒత్తిడి ఉండదు. గుట్టుగా మద్దతిచ్చినవాళ్లు ఆ మాటకు కట్టుబడతారు. ఆ ఆశయం తమ విలువలతో ఎలా కలుస్తుందో ముందే ఆలోచింపజేస్తే మాత్రం ఈ తేడా పోయింది.

అందుకని విరాళాల కౌంటరు దగ్గర వరుస మార్చండి. ముందు ‘ఈ పని మీకెందుకు ముఖ్యం?’ అని చీటీ మీద రాయించండి. దాన్ని గోడకు అంటించొద్దు, మడిచి వాళ్ల దగ్గరే ఉంచుకోనివ్వండి. వెంటనే ‘మీకు తోచినంత’ అనకుండా ఇంత అని చెప్పి అడగండి. క్యూఆర్ కోడ్ చేతిలో ఉండాలి. ‘సాయంత్రం లింకు పంపుతాం’ అంటే ఆ డబ్బు రాదనుకోండి. నెలనెలా ఇస్తామంటే యూపీఐ ఆటోపే అక్కడికక్కడే పెట్టించండి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి. డబ్బు పడ్డాకే బ్యాడ్జి. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినానికి జెండాలు ముందే పంచేసి, డబ్బా తర్వాత తిప్పే కాలేజీలూ ఈ వరుసే పాటించాలి.

అపోహ: అయితే షేర్ చేయడమే తప్పు.

వాస్తవం: కాదు, బెంగపడకండి. 2014లో నెత్తిన ఐసు నీళ్లు పోసుకుని వీడియో పెట్టే ఐస్ బకెట్ ఛాలెంజ్‌తో, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అక్కడ సవాలులోనే విరాళం అడిగారు. మరోపక్క, సూడాన్‌లోని డార్ఫర్ ప్రజల కోసం ఫేస్‌బుక్‌లో నడిచిన ‘సేవ్ డార్ఫర్’ పేజీలో 10 లక్షల మందికి పైగా చేరారు, వాళ్లలో 99 శాతానికి పైగా ఆ పేజీ ద్వారా పైసా ఇవ్వలేదు.

అపోహ: ఆస్పత్రిలో ఉన్న ఈ పాప ఫొటో షేర్ చేస్తే ఒక్కో షేరుకు ఫేస్‌బుక్ రూపాయి ఇస్తుంది.

వాస్తవం: పచ్చి అబద్ధం. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ తిరుగుతూనే ఉంది. సాయం చేయాలనుంటే ఆస్పత్రి నంబరు మీరే వెతికి, ఫోన్ చేసి, పాప అక్కడ ఉందని నిర్ధారించుకుని, బిల్లు నేరుగా ఆస్పత్రి ఖాతాలో కట్టండి.