కొత్త జంట, సముద్రం, కొన్ని అపోహలు

నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గర్లో చిన్న ట్రావెల్స్ నడుపుతున్నాను. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే నా దగ్గరికి రెండు రకాల వాళ్లు వస్తారు. తిరుపతి టికెట్లు అడిగే పెద్దలు ఒకరకం. వాళ్లు బయటికి పోయాక వెనకే ఆగి "అన్నా, సముద్రం దగ్గర ఏదన్నా చూడవా" అని మెల్లగా అడిగే పెండ్లికొడుకులు ఇంకోరకం. ఇది రెండోరకం వాళ్ల కోసం.

అపోహ: హనీమూన్ అంటే గోవానే.

వాస్తవం: ముందు నెల చెప్పండి, ఊరు తర్వాత చూద్దాం. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలే. సముద్రం పోటెత్తి ఉంటుంది, ఈతకు దిగడం ప్రమాదం, ఒడ్డున పాకల్లో నడిచే షాక్‌లు అనే తిండి హోటళ్లు కూడా చాలావరకు మూసేస్తారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, రేటు తక్కువ వచ్చిందని ఒక శ్రావణమాసం జంటను అక్కడికి పంపాను. నాలుగు రోజులు కిటికీలోంచి వాన చూసి వచ్చారు. ఆ ఇద్దరూ ఏమీ అనలేదు గానీ, అమ్మాయి నాన్న ఇప్పటికీ నన్ను "గొడుగులాయన" అనే పిలుస్తాడు.

మన తూర్పు తీరం లెక్క వేరు. అక్కడ వానాకాలం పోయాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం ఎక్కువ. మే నెల పెండ్లిళ్ల వాళ్లకు ఉక్కపోత. పది దాటితే ఇసుక మీద కాలు పెట్టలేరు. మాఘం, ఫాల్గుణం వాళ్లదే అదృష్టం. ఫిబ్రవరిలో విశాఖ అయినా, బాపట్ల దగ్గరి సూర్యలంక అయినా హాయిగా ఉంటుంది. ఇక ఆషాఢంలో గదులు చవకగానే దొరుకుతాయి, కానీ కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది. దానికి నా దగ్గర మందు లేదు.

అపోహ: మూడు రోజుల్లో పది చోట్లు తిరిగితేనే పైసా వసూల్.

వాస్తవం: నేను ఎక్కువగా కొట్లాడేది దీని మీదే. పెండ్లి, రిసెప్షన్, వ్రతం, పదహారు రోజుల పండుగ అయ్యేసరికి ఇద్దరికీ కంటి నిండా నిద్ర ఉండదు. అప్పుడు నా చేతికి ఒక కాగితం ఇస్తారు: కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, సింహాచలం, భీమిలి, అరకు, బొర్రా గుహలు. అరకు ఒక్కటే విశాఖ నుంచి నూరు కిలోమీటర్లకు పైన, అదీ ఘాట్ రోడ్డు. పోను, రాను ఒక రోజు కారులోనే గడుస్తుంది. సముద్రం పక్కన గది తీసుకుని, ఆ సముద్రాన్ని కారు అద్దంలోంచి చూస్తే ఎట్లా? నేనైతే ఒకే ఊరు, ఒకే గది, మూడు రాత్రులు అంటాను. సాయంత్రం ఒడ్డున మిరపకాయ బజ్జీ తింటూ కూర్చోండి. ఎవరైనా "ఏం చూసొచ్చిన్రు" అని అడిగితే సింహాచలం పేరు చెప్పడానికి ఒక్క పూట చాలు.

ఇందులో ఇంకో చిక్కుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం నల్లగొండలో ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. హోటల్ వాళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం. గోరింటాకు చేతులతో ఆ అమ్మాయి లాబీలో ఆరు గంటలు కూర్చోవాలి. పొద్దున్నే గది ఇస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, లేదంటే 24 గంటల చెక్-ఇన్ ఉన్న చోటు చూసుకోండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి లగ్నపత్రిక రాసుకున్న వారమే తేదీ గుర్తు పెట్టుకోండి.

అపోహ: సాగర్ కాలువలో ఈదినోడికి సముద్రం ఓ లెక్కా?

వాస్తవం: హాలియా, మిర్యాలగూడ పిల్లలతో ఇదే టెన్షన్. ఎడమ కాలువ నీళ్లు ఒక్క దిక్కే పోతాయి. సముద్రం ముందుకు తోస్తుంది, కాళ్ల కింద ఇసుకతో సహా వెనక్కీ లాగుతుంది. లోపలికి లాగే ప్రవాహంలో పడితే దానికి ఎదురీదకండి, బలం అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. లైఫ్‌గార్డులు ఉన్నచోటే, మోకాలి లోతు దాకానే దిగండి. విశాఖలో రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, అయినా మాట అదే.

బంగారం ఉప్పునీటికి పాడవదు, నిజమే. కానీ అలకు ఉంగరం జారిపోతే ఇసుకలో ఎవరు వెతికిపెడతారు? పుస్తెలతాడు తప్ప మిగతా నగలు ఇంట్లోనే పెట్టి రమ్మంటాను.

అపోహ: సముద్రస్నానం పౌర్ణమికో, అమావాస్యకో చేయాలి.

వాస్తవం: పెద్దల నమ్మకాన్ని కాదనను. కానీ ఆ రోజుల్లో పోటు, పాటు రెండూ ఎక్కువ. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో జనం కూడా ఎక్కువే. ఏకాంతం కోసమైతే ఆ రోజు వద్దు.

అపోహ: బాల్కనీలోంచి సముద్రంలో సూర్యాస్తమయం చూడొచ్చు.

వాస్తవం: అది గోవా, గోకర్ణ ఫోటో. మన వైపు పొద్దు పొడిచేది సముద్రంలోంచి, కుంకేది మీ వీపు వెనకాల.

అపోహ: హోటల్లో మ్యారేజ్ సర్టిఫికెట్ లేకపోతే గది ఇవ్వరు.

వాస్తవం: మామూలుగా ఇద్దరి గుర్తింపు కార్డులు చాలు. అమ్మాయి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉన్నా ఫరవాలేదు. విమానం టికెట్ మాత్రం ప్రేమకొద్దీ అత్తింటి పేరుతో బుక్ చేయకండి, కార్డులో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. బుక్ చేసే ముందు ఇద్దరి ఆధార్‌లు నాకు చూపించండి. శుభలేఖ అక్కర్లేదు. ఇస్తే మాత్రం భోజనానికి తప్పకుండా వస్తాను.